అమ్రామ్ వదిలాక నేరుగా వెళ్లకండి

డీసీఎస్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్ గేమ్‌లో హార్నెట్ (ఎఫ్/ఏ-18 ఫైటర్) నడిపేవాళ్లను బాగా విసిగించే విషయం: మన ఫాక్స్ త్రీ (సొంత రాడార్ ఉన్న అమ్రామ్ లాంటి క్షిపణి) ఎదుటివాడికి తగిలేసరికి వాడి క్షిపణి కూడా మనల్ని కూల్చేస్తుంది. దీనికి క్రాంక్, అంటే క్షిపణి వదిలాక టార్గెట్ రాడార్‌లోంచి పోకుండా పక్కకి తిరగడం, బాగా పనిచేస్తుంది.

వీలైతే 30,000 అడుగుల పైన, మాక్ 1 దాటాక వదలండి. ఎత్తు, వేగం ఎంత ఉంటే క్షిపణి అంత దూరం పోతుంది. వదలగానే ఏదో ఒక పక్కకి 50 డిగ్రీలు తిరగండి. హార్నెట్ రాడార్ రెండు వైపులా 70 డిగ్రీల దాకా చూస్తుంది కాబట్టి టార్గెట్ తెర అంచుకు దగ్గరగా కనిపిస్తూనే ఉంటుంది. 60 దాటితే మాత్రం టెన్షనే, వాడు కాస్త కదిలినా లాక్ (రాడార్ పట్టు) పోతుంది. తిరిగాక థ్రాటిల్ తగ్గించి, మెల్లగా కిందికి దిగండి. మీరు వాడి వైపు వెళ్లే వేగం తగ్గుతుంది, వాడి క్షిపణి మీ వెంట వంగి, చిక్కటి గాలిలోకి దిగి వేగం పోగొట్టుకుంటుంది. అసలు లాభమంతా ఇక్కడే.

హడ్ (కళ్ల ముందుండే గాజు తెర) మీద ఏసీటీ (క్షిపణి రాడార్ మొదలవడానికి మిగిలిన సమయం) పక్కన అంకె తగ్గుతూ వస్తుంది. అది అయిపోయి టీటీజీ (తగలడానికి మిగిలిన సమయం) వచ్చిందంటే క్షిపణి సొంత రాడార్ పనిచేస్తున్నట్టే. అప్పుడు పూర్తిగా వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆత్రపడి అంతకు ముందే తిరగకండి, అప్పటిదాకా దానికి మీ రాడారే దారి చూపిస్తుంది.

స్పారో అనే పాత క్షిపణితో మాత్రం ఇలా వెనక్కి తిరగడం కుదరదు. దానికి సొంతంగా వెతికే రాడార్ లేదు, తగిలేదాకా లాక్ పట్టుకునే ఉండాలి.