రోజువారీ ఉర్దూ – 7వ పాఠం: నిన్న ఎందుకు రాలేదు?

పోయిన పాఠంలో 'ఆనా' (రావడం), 'జానా' (వెళ్లడం) క్రియలకు భూతకాలం చెప్పుకున్నాం. అభ్యాసంలో చాలామంది ఒకే చోట జారారు. ఎదుట ఎవరున్నా 'ఆయా' అనేశారు. నేను రాలేదు, నువ్వు రాలేదు, ఆమె రాలేదు, వాళ్లు రాలేదు అని తెలుగులో అందరికీ ఒకటే మాటతో సరిపోతుంది. ఉర్దూలో ఆ వెసులుబాటు లేదు. ఇది తేలకుండా ముందుకు పోలేం.

బచ్చా క్యోఁ నహీఁ ఆయా? (పిల్లవాడు ఎందుకు రాలేదు?)
బచ్చీ క్యోఁ నహీఁ ఆయీ? (పాప)
చాచా క్యోఁ నహీఁ ఆయే? (చిన్నాన్న)
ఖాలా క్యోఁ నహీఁ ఆయీఁ? (పిన్ని)

చాచా ఒక్కరే అయినా గౌరవం కోసం బహువచనం. మనం 'వచ్చారు' అన్నట్టే. అయితే మన 'వచ్చారు' ఆడా మగా ఇద్దరికీ చెల్లుతుంది, అక్కడ 'ఆయే', 'ఆయీఁ' వేరు. 'ఆయీ'కీ 'ఆయీఁ'కీ తేడా ముక్కుతో పలికే ఆ చివరి అరసున్న మాత్రమే. పెద్దావిడ విషయంలో దాన్ని మింగేస్తే మర్యాద తగ్గుతుంది. 'ఆప్' (మీరు) అని మొదలుపెట్టినా ఇదే లెక్క: 'ఆపా, ఆప్ కల్ క్యోఁ నహీఁ ఆయీఁ?' (అక్కా, మీరు నిన్న ఎందుకు రాలేదు?)

'కల్' నిన్నో రేపో క్రియే చెప్తుంది, దాని జోలికి మళ్లీ పోను.

ఇక నాకు బొత్తిగా నచ్చని అలవాటు ఒకటుంది. తెలుగులో 'లేదు' చివర వస్తుంది కదా అని 'నహీఁ'ని కూడా చివరికి తోసేస్తారు. 'ఆప్ ఆయే నహీఁ?' వ్యాకరణానికి తప్పు కాదు, కానీ మామూలు ప్రశ్న కాస్తా నిష్ఠూరమైపోతుంది. 'పిలిచినా మీరు రానే లేదే!' అన్నట్టు వినబడుతుంది. జ్వరంతో పడుకుని లేచిన మనిషిని అలా అడిగితే నొచ్చుకోరా? 'క్యోఁ నహీఁ ఆయే' అని మూడూ వరసగా పలకండి. అలాగే 'ఆయే' బదులు 'ఆతే' పడిందంటే 'మీరసలు ఎందుకు రారు?' అని అర్థం మారిపోతుంది.

'క్యోఁ'తో మొదలుపెట్టడం కూడా నాకు ఇష్టం ఉండదు, హాజరు తీసుకున్నట్టుంటుంది. ముందు క్షేమం అడగండి. కడప పెద్ద దర్గా ఉరుసులో కనబడని మనిషి మర్నాడు ఎదురైతే: 'ఉర్స్ మేఁ ఆప్ నజర్ నహీఁ ఆయే, ఖైరియత్ తో హై?' (ఉరుసులో మీరు కనబడలేదు, క్షేమమే కదా?) చాలా రోజులైతే: 'బహుత్ దిన్ హో గయే, కహాఁ థే?' (చాలా రోజులైంది, ఎక్కడున్నారు?) ఆడవాళ్లయితే 'కహాఁ థీఁ?' ఒంట్లో బాగాలేదని తెలిస్తే: 'అబ్ తబీయత్ కైసీ హై?' (ఇప్పుడు ఒంట్లో ఎలా ఉంది?) కారణం వాళ్లే చెప్తారు.

జవాబులు: 'బుఖార్ థా' (జ్వరం), 'తబీయత్ ఠీక్ నహీఁ థీ' (ఒంట్లో బాగాలేదు), 'గాఁవ్ గయా థా' (ఊరికి వెళ్లాను; ఆడవాళ్లు 'గయీ థీ'). రావాలనుకుని రాలేకపోతే 'నహీఁ ఆ సకా', 'నహీఁ ఆ సకీ'.

కర్నూలు పాతబస్తీ అంగళ్లలో ఇవే మాటలు ఇక్కడి ఉర్దూ యాస దక్కనీలో 'కైకూ నై ఆయే?', 'కాఁ థే?' అని వినబడతాయి. 'ఆయేచ్ నై' అంటే 'రానే లేదు'. చెవికి పట్టించుకోండి. నోటికి మాత్రం ముందు పై రూపాలు రానివ్వండి.

అభ్యాసం: మీ వీధిలో ఈ వారం కనబడని పదిమందిని రాసుకోండి, అందులో కనీసం నలుగురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఒక్కొక్కరినీ మూడు వాక్యాలు అడగండి: క్షేమం, ఎక్కడున్నారు, ఎందుకు రాలేదు. కాగితం చూడకుండా, పైకి వినబడేలా. ఒక్క 'ఆయా' తప్పుగా పడినా మొదటి మనిషి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.