పాతబండి పాఠాలు – 3: పెట్రోలు నడిచే దారి

పోయిన పాఠంలో ప్లగ్గు (ఇంజిన్‌లో పెట్రోలుని అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) విప్పి చూడడం నేర్చుకున్నాం. ప్లగ్గు కొన గోధుమరంగులో ఉంటే బండి బాగున్నట్టు. నల్లగా మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ. పదిహేను కిక్కులు కొట్టినా ప్లగ్గు పొడిపొడిగా ఉందంటే పెట్రోలు ఇంజిన్ దాకా రావడమే లేదు. ఈ పాఠం ఆ పొడి ప్లగ్గు వాళ్ళకి.

మాది 1998 స్ప్లెండర్, నాయన కొన్న బండి. ఒకసారి దసరా అయిన రెండోరోజు తిరుపతి నుంచి పీలేరులో పెళ్ళికి బయల్దేరాను. రంగంపేట దాటేదాకా ఏ ఇబ్బందీ లేదు. భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే రెండో మలుపులో బండి దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఊపు లేదు, చివరికి ఆగిపోయింది. ఐదు నిమిషాలు చెట్టుకింద కూర్చుని కిక్కు కొడితే మామూలుగా స్టార్టయింది. కిలోమీటరు పోయాక మళ్ళీ అదే దగ్గు. పెళ్ళికి చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు మాత్రం దక్కాయి.

అక్కడి మెకానిక్ ఒకాయన చూడకుండానే "కార్బొరేటర్ పోయింది, కిట్టు మార్చాల" అన్నాడు. (కార్బొరేటర్ అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేది.) మార్పించాను. తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆగింది. ఈసారి పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు లేచొచ్చి, "ట్యాంకు మూత తీయి సామీ" అన్నాడు. తాళం తిప్పగానే "సుస్స్" మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఆయన నవ్వి టీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయుధపూజనాడు మా అమ్మ బండికి బొట్లు పెడుతూ, ట్యాంకు మూత మీద తాళం పెట్టే చోట కూడా ఇంత పసుపు, గంధం ముద్ద మెత్తింది. అది ఎండి గట్టిపడి, మూతలో గాలి పోయే సన్నటి దారిని మూసేసింది. కార్బొరేటర్ తప్పేమీ లేదు. (అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. మరుసటి ఏడాది నుంచి బొట్టు హెడ్‌లైటుకి పెట్టమన్నాను.)

నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచి చూడండి. మొదట ధార వస్తుంది, తర్వాత గుటగుటమంటూ ఆగుతుంది. రెండో చిల్లు పెట్టారంటే హాయిగా కారుతుంది. ట్యాంకు సంగతీ అంతే. కింద పెట్రోలు దిగాలంటే పైన గాలి రావాలి. ఈ బండ్లలో పంపు లేదు, పెట్రోలు తన బరువుతో తానే దిగాలి. చదును రోడ్డు మీద తక్కువ తాగుతుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ అడుగుతుంది, అప్పుడు బయటపడుతుంది. ఆపి కూర్చుంటే గాలి మెల్లగా లోపలికి చేరి మళ్ళీ దారి ఇస్తుంది.

ఇంకోటి కూడా ఇలాగే మోసం చేస్తుంది. ప్లగ్గుకి కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పాతబడితే వేడెక్కి ఆగి, చల్లారాక స్టార్టవుతుంది. రెండింటికీ తేడా ఆగే తీరులో ఉంది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే చాలావరకు కరెంటు. దగ్గి, ఈడ్చి, చచ్చీచెడీ ఆగితే పెట్రోలు. అనుమానముంటే ఆగిన ఆ నిమిషంలోనే ప్లగ్గు తీసి స్పార్క్ చూడాలి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పట్టుకుని చూడండి. చల్లారాక చూస్తే ఏమీ తెలియదు.

ఇక చేతిపని. ఇంజిన్ చల్లగా ఉండాలి, ఆరుబయట చేయాలి, దగ్గర్లో బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు. ట్యాంకు కింద ఉన్న పెట్రోలు ట్యాప్ మూసి, కార్బొరేటర్ దగ్గర పెట్రోలు పైపు లాగి, చివర ఒక గాజు సీసాలో పెట్టండి. ట్యాప్ తెరిచి ఒక నిమిషం చూడండి. ధార మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, లేక మొదట బాగా వచ్చి సన్నబడిందా? సన్నబడితే ట్యాంకు మూత తీయండి. ధార కోలుకుందంటే దొంగ దొరికాడు, మూత రంధ్రాన్ని సన్నటి తీగతో శుభ్రం చేస్తే చాలు. మూత తీసినా సన్నగానే ఉంటే ట్యాప్‌లోని జల్లెడ పూడిందన్నమాట. పైపు కూడా ఒకసారి వంచి చూడండి. పాత రబ్బరు లోపల పొరలుగా ఊడి దారికి అడ్డం పడుతుంది, బయటికి బాగానే కనబడుతుంది.

సీసాని పదినిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర, నీటి బుడగల్లాంటివి కనబడితే నీళ్ళు చేరాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుస్తోంది, దానికి తేమ అంటే మహా ఇష్టం. తేమ హద్దు దాటితే ఇథనాల్, నీళ్ళు కలిసి అడుగుకి దిగిపోతాయి. నెలల తరబడి మూలన పెట్టిన బండి మీద వాన కురిస్తే ఇదే గతి. ఆ పెట్రోలు మొత్తం తీసేయాల్సిందే.

ఎర్రటి ఇసుకలాంటి పొడి దిగితే తుప్పు. రిజర్వ్‌లో బండి నడిపేవాళ్ళకి ఇది త్వరగా తగులుతుంది. ట్యాప్ ఆన్‌లో ఉన్నప్పుడు ట్యాంకులో నిలబడిన గొట్టం పైనుంచి పెట్రోలు తీసుకుంటుంది, రిజర్వ్‌లో అడుగునుంచి లాగుతుంది, అడుగున ఉన్న చెత్తతో సహా. నెలాఖరులో రిజర్వ్ మీదే నడిపే నాలాంటివాళ్ళు గమనించాలి.

ధార బాగున్నా బండి నడవకపోతే అప్పుడు కార్బొరేటర్ వంతు. పైపు తిరిగి తగిలించి, ట్యాప్ తెరిచి, దాని కింద గిన్నెకి ఉన్న చిన్న స్క్రూ కొంచెం వదులు చేయండి, పెట్రోలు కారాలి. కారకపోతే గిన్నెలోకి పెట్రోలు వదిలే సూది, ఫ్లోట్ నీడిల్, ఇరుక్కుంది, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తట్టితే చాలాసార్లు వదులుతుంది. కారితే, స్క్రూ బిగించి, చౌక్ (గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) లాగి చూడండి. చౌక్‌తో బాగా నడిచి, చౌక్ తీసేస్తే ఆగిపోతే, జెట్ (పెట్రోలు కొలిచి వదిలే సన్నటి రంధ్రమున్న ముక్క) పూడడమో, ఎక్కడో గాలి దూరడమో జరుగుతోంది. దాన్ని విప్పడం వచ్చే పాఠం. అంతవరకూ గిన్నె తెరవొద్దు. ఇత్తడి జెట్‌కి సరైన స్క్రూడ్రైవర్ లేకుండా చెయ్యి పెడితే తల అరిగి, ఊడదు, బిగుసుకోదు.

ఈ వారం అభ్యాసం: బండి బాగున్నప్పుడే ఒక నిమిషంలో సీసాలోకి ఎంత పెట్రోలు దిగిందో కొలిచి, మూత తీసి ఒకసారి, మూసి ఒకసారి, రెండు అంకెలూ ఆర్‌సీ కవర్‌లో రాసి పెట్టుకోండి.