ఆఫీసులో అందరికీ సైబర్ సెక్యూరిటీ అలవాటు చేయడం ఎలా

ముందు తప్పు చేసినవాళ్ళని తిట్టడం ఆపేయండి, మిగతావన్నీ దాని తర్వాతే. నేను ఇంతకుముందు పనిచేసిన చోట అకౌంట్స్‌లో అమ్మాయికి ఎండీ గారి ఫొటో డీపీగా ఉన్న కొత్త నంబర్ నుంచి "మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ చేయకు, ఈ అకౌంట్‌కి వెంటనే డబ్బులు వేసెయ్" అని వాట్సాప్ వచ్చింది, పాపం వేసేసింది, తర్వాత డౌట్ వచ్చినా అందరి ముందు మాటలు పడాలని భయపడి సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడే చెప్పుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి డబ్బు ఆపించే ఛాన్స్ ఉండేది.

అందుకే డబ్బు పంపమన్నా, బ్యాంకు వివరాలు మార్చమన్నా, అడిగింది ఎవరైనా సరే, మన దగ్గర ముందే సేవ్ అయున్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలని రూల్ పెట్టండి. ఈ మాట ఎండీ గారే మీటింగ్‌లో నిలబడి "నన్ను అడిగినందుకు ఎవర్నీ ఏమీ అనను" అని చెప్పాలి, హెచ్‌ఆర్ మెయిల్ పెడితే ఎవరూ చదవరు.

ఏడాదికోసారి రెండు గంటల పీపీటీ వేస్ట్ అండీ. నెలకి పది నిమిషాలు చాలు, మన ఆఫీసుకే వచ్చిన ఫేక్ మెయిల్ స్క్రీన్ మీద పెట్టి అడ్రస్‌లో ఏ అక్షరం మారిందో వాళ్ళతోనే వెతికించండి, రిసెప్షన్ వాళ్ళని, ఆఫీస్ బాయ్‌ని కూడా కూర్చోబెట్టండి. పాస్‌వర్డ్‌లన్నీ భద్రంగా దాచే పాస్‌వర్డ్ మేనేజర్, పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగే టూ ఫ్యాక్టర్, రెండూ ఐటీ వాళ్ళే దగ్గరుండి పెట్టివ్వాలి.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం అందులో చెప్పిన రకం సైబర్ దాడులు తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, కాబట్టి ఆఫీసులో ఎవరికి చెప్పాలో ఆ ఒక్క నంబర్ ప్రతి డెస్క్ మీద అతికించేయండి.