యుద్ధ వార్తను పొరలు విప్పి చదవడం ఎలా?

టీవీలో యుద్ధం అనగానే ట్యాంకులు, క్షిపణులు, మ్యాపు మీద ఎర్ర బాణాలు చూపిస్తారు. ఇప్పటి సైన్యాలు మాత్రం నేల మీద కదలకముందే ఇంకో మూడు చోట్ల పని మొదలుపెడతాయి: కంప్యూటర్లలో, రేడియో తరంగాల్లో, జనం బుర్రల్లో. ఇవి ఎలా కలుస్తాయో తెలుసుకోవడానికి డిఫెన్స్ నిపుణులు కానక్కర్లేదు, ఒక కాగితం, పెన్ను చాలు.

మొత్తం యుద్ధాన్ని నెత్తికెత్తుకోకుండా ఒక్క సంఘటన తీసుకోండి. దాని టైము కాగితం మధ్యలో రాసి, ముందూ వెనకా ఏం జరిగిందో వెతకండి. 2022 ఫిబ్రవరి 24నే చూడండి. రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగడానికి సుమారు గంట ముందు వయాశాట్ శాటిలైట్ ఇంటర్నెట్ మీద సైబర్ దాడి జరిగి వేల మోడెములు చచ్చుపడ్డాయి. ఆ నెట్‌ను ఉక్రెయిన్ సైన్యం కూడా వాడేది. ఎక్కడో జర్మనీలో 5,800 గాలిమరలను దూరం నుంచి కంట్రోల్ చేసే లింకు కూడా తెగిపోయింది! మూడు వారాలకి, మార్చి 16న, ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ తన సైన్యాన్ని లొంగిపొమ్మంటున్నట్టు ఒక డీప్‌ఫేక్ (కంప్యూటర్‌తో పుట్టించిన దొంగ) వీడియో వచ్చింది, అదీ హ్యాక్ చేసిన ఉక్రెయిన్ న్యూస్ ఛానెల్ సైట్లో. ఇక్కడ సైబర్ ఎక్కడ ఆగిందో, ప్రచారం ఎక్కడ మొదలైందో గీత గీయడం కుదరదు.

తర్వాత వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ దెబ్బతో అవతలివాళ్లకి ఏది కనపడకుండా పోయింది, ఏది తప్పుగా కనపడింది? నన్నడిగితే మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో సుమారు 2,25,000 కనెక్షన్లకు కరెంటు తీసేసిన హ్యాకర్లు అంతటితో ఊరుకోలేదు, ఫిర్యాదు చేద్దామన్నా లైను దొరక్కుండా కాల్ సెంటర్ మీదికి దొంగ కాల్స్ కూడా వదిలారు.

ఎలక్ట్రానిక్ పొర, అంటే రేడియో తరంగాల పని, పట్టుకోవడం కొంచెం కష్టం, ఎందుకంటే అది ఫోటోలో పడదు. డ్రోన్లు దారి తప్పుతున్నాయి, జీపీఎస్‌తో దారి చూసుకునే గుండ్లకి గురి కుదరడం లేదు అని చదివితే అక్కడ జామింగ్ (సిగ్నళ్లను అడ్డుకోవడం) నడుస్తోందని రాసుకోండి. ఉక్రెయిన్‌లో అది ముదిరాకే రెండు పక్షాలూ సన్నటి ఫైబర్ తీగ వెనకాల వదులుకుంటూ ఎగిరే డ్రోన్లు దించాయి, రేడియోనే వాడకపోతే ఇంక జామ్ చేయడానికేముంది! అడ్డుకోవడం ఒక పనైతే చాటుగా వినడం ఇంకో పని. 2023 కొత్త సంవత్సరం మొదలైన నిమిషాల్లోనే తూర్పు ఉక్రెయిన్‌లో రష్యా చేతిలో ఉన్న మకీవ్కా ఊళ్లో రష్యా సైనికులున్న భవనం మీద రాకెట్లు పడ్డాయి, రష్యా లెక్క ప్రకారమే 89 మంది పోయారు. వద్దన్నా సెల్‌ఫోన్లు వాడటం వల్లే దొరికిపోయారని వాళ్ల రక్షణ శాఖ చెప్పింది. (పై అధికారుల తప్పు చచ్చిపోయిన కుర్రాళ్ల మీదికి నెట్టేశారేమో అని అనుమానించడం కూడా ఈ చదువులో భాగమే.)

ఇప్పుడు ప్రాక్టీసు. దీనికి ఉక్రెయిన్ దాకా ఎందుకు, మన వైజాగ్ బీచ్ రోడ్డులో 1971 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది కదా. 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి వచ్చింది. అప్పటికి విక్రాంత్‌ను అండమాన్లలో దాచేశారు. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడ చేత విక్రాంత్‌లా వైర్‌లెస్ మెసేజులు పంపించాడు. ఒక నావికుడు తన తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడిగినట్టు మామూలు కబురు కూడా అందులో కలిపారు. పెద్ద ఓడకి సరిపోయేంత సరుకులకి వైజాగ్‌లోనే ఆర్డర్లిచ్చారు, బజారులో మాట బయటికి పొక్కుతుందనే. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. ఎలా మునిగిందన్న దానిమీద మన నేవీ మాట వేరు, పాకిస్తాన్ మాట వేరు, దాన్ని పక్కన పెట్టి మీ కాగితం మీద రేడియో ఏదో, పుకారు ఏదో, అసలు ఓడ ఎక్కడుందో విడివిడిగా రాసి చూడండి. సైబర్ కింద రాయడానికి మాత్రం ఏమీ ఉండదు.

ఇది వచ్చేసిందంటే మీ ఫోన్ మీద వాడండి. వైజాగ్ బీచ్‌లో కోస్టల్ బ్యాటరీ అనే చోట నిలబడితే హార్బర్‌లోంచి బయల్దేరే యుద్ధనౌక కళ్లెదుటే వెళ్తుంది. టెన్షన్ రోజుల్లో దాన్ని రీల్ తీసి, లొకేషన్ పెట్టి వదిలితే అప్పట్లో బజారు కబురు చేసిన పనే ఇప్పుడు మీరు చేసినట్టు, కాకపోతే ఈసారి కబురు నిజం. సైనిక చర్యల్ని లైవ్ చూపించొద్దని 2025 ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ ఛానెళ్లకే కాదు, సోషల్ మీడియాలో ఉన్నవాళ్లకి కూడా చెప్పింది.

మీ ఫోన్లోకి వచ్చేవాటి సంగతి కూడా అంతే. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తున్నప్పుడు ఏటీఎంలు రెండు మూడు రోజులు మూతపడతాయని ఒక ఫార్వర్డ్, గుజరాత్‌లో హజీరా పోర్టు మీద దాడి అని ఒక వీడియో తిరిగాయి. మొదటిది అబద్ధం, రెండోది 2021 నాటి ఆయిల్ ట్యాంకర్ పేలుడు. రెండూ కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వాళ్ల ఫ్యాక్ట్ చెక్ తేల్చినవే. వీడియో వచ్చిందంటే ఒక స్క్రీన్‌షాట్ తీసి బొమ్మతో వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి, పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. పడకపోయినా పీఐబీ పేజీ చూసేదాకా ఎవరికీ పంపకండి, అది మీ అత్తగారి గ్రూపులోంచి వచ్చినా సరే.