ఐపీ పెట్టే ముందు మీ అప్పు ఎక్కడ బిగుసుకుందో చూసుకోండి

అప్పులు చేయి దాటగానే ‘ఇక ఐపీ పెట్టడమే’ అనేస్తారు. అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్‌కి మనవాళ్లు పెట్టుకున్న పొట్టి పేరది. నా దృష్టిలో అది ఆఖరి తలుపు. దానికంటే ముందు తట్టాల్సినవి ఉన్నాయి.

సమస్య: నెలనెలా కడుతున్నా కార్డు బాకీ తగ్గట్లేదు

కారణం స్టేట్‌మెంట్‌లోనే ఉంది. మొత్తం బాకీ పక్కన ‘మినిమం డ్యూ’ అని, ఈ నెలకు కనీసం ఇంత కట్టాలని చెప్పే ఓ చిన్న అంకె ఉంటుంది. లక్ష బాకీకి నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకోండి. వడ్డీ 3,500, దానిమీద 18 శాతం జీఎస్టీ 630. మీరు 5,000 కడితే అసల్లోంచి తగ్గేది 870 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ముందు కార్డు పక్కన పెట్టండి. బాకీని ఈఎంఐగా మార్చమని బ్యాంకుని అడగండి, లేదా తక్కువ వడ్డీకి పర్సనల్ లోన్ దొరికితే ఒకేసారి తీర్చేయండి. తీరింది కదా అని మళ్లీ గీకితే మాత్రం ఒక అప్పు రెండవుతుంది.

సమస్య: ఒక ఈఎంఐ కట్టడానికి ఇంకో లోన్

వాయిదాలు ఆదాయాన్ని మించిపోయాయి, అంతే. వాయిదా తప్పకముందే బ్యాంకుకి వెళ్లి గడువు పెంచమని రాతపూర్వకంగా అడగండి. బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఇల్లు తాకట్టులో ఉంటే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. అందుకే చేతిలో ఉన్న కాస్తా ముందు ఇంటి వాయిదాకే కట్టండి.

సమస్య: రికవరీ ఏజెంట్లతో టెన్షన్

ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022లో చెప్పింది. బంధువుల ముందు పరువు తీయడమూ కుదరదు. బ్యాంకుకి ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. కొంత కట్టించుకుని మిగతాది వదిలేసే సెటిల్‌మెంట్‌కి వస్తామంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుందని, కొత్త లోన్‌కి అది అడ్డమని తెలిసే ఒప్పుకోండి.

సమస్య: ఉన్నదంతా అమ్మినా తీరదు

ఐపీ ఇలాంటివాళ్ల కోసమే. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019లో కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమల్లోకి తెచ్చారు. మామూలు మనుషులకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. కోర్టు దివాలాదారుగా ప్రకటిస్తే, చట్టం మినహాయించినవి తప్ప ఆస్తి అంతా కోర్టు చేతికి పోతుంది. అప్పు నుంచి విముక్తి దానంతటది రాదు, దానికి విడిగా దరఖాస్తు పెట్టాలి. మోసం చేసి తెచ్చిన అప్పు మాఫీ కాదు. తాకట్టు పెట్టించుకున్న బ్యాంకు ఆ తాకట్టు ఆస్తి నుంచి తన బాకీ రాబట్టుకోవచ్చు.

చాలామంది చేసే తప్పొకటుంది. పిటిషన్‌కి ముందు పొలం భార్య పేరున రాసేస్తారు. అలా ఊరికే రాసిచ్చిన రెండేళ్లలోపు పడిన పిటిషన్ మీద దివాలా ప్రకటన వస్తే, ఆ రాసిచ్చుడుని కోర్టు రద్దు చేయొచ్చు. మిగతావాళ్లని వదిలేసి బావమరిది బాకీ ఒక్కటే తీర్చినా, ఆ తర్వాత మూడు నెలల్లోపు పిటిషన్ పడితే చిక్కే.

హామీ సంతకం పెట్టిన స్నేహితుడు ఉంటే పిటిషన్ వేయకముందే ఆయనకు చెప్పండి. మీకు విముక్తి దొరికినా ఆయనకు దొరకదు, బాకీ కోసం వచ్చేవాళ్లు తట్టేది ఆయన తలుపే.