బాత్రూంలో సెప్టిక్ కంపు: బండిని పిలిచే ముందు మిద్దె ఎక్కండి

కంపు రాగానే ట్యాంకు లాగే బండికి ఫోన్ కొట్టడం మనవాళ్ళకు అలవాటు. బండి వస్తుంది, ట్యాంకూ జేబూ ఖాళీ అవుతాయి, వారం తిరిగేసరికి మళ్ళీ అదే కంపు. 2007లో బెంగళూరు కార్పొరేషన్‌లో కలిపిన 110 పల్లెల్లో యూజీడీ (నేలకింద మురుగు పైపు) లైను అన్ని వీధులకూ ఒకేసారి రాలేదు. అందుకే అక్కడి లేఔట్లలో థర్టీ ఫార్టీ (30x40 అడుగుల) సైటులోనే ఇల్లు, సంపు, సెప్టిక్ ట్యాంకు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. నాకు ప్లంబింగ్ పని దొరికేది ఎక్కువగా ఆ ఇళ్ళలోనే.

వాడని బాత్రూంలో మాత్రమే కంపు

నేల ట్రాపులో, అంటే జాలీ కింద నీళ్ళు నిలిచే గిన్నెలో, నీళ్ళు ఆరిపోయాయి. అంతకు మించి ఏమీ లేదు. లోపల రెండంగుళాల లోతున నిలిచే నీళ్ళే ట్యాంకు గాలిని ఆపే తలుపు. వేసవి సెలవులకు ఊరెళ్ళి నెల తర్వాత తాళం తీస్తే కంపు కొట్టక ఏం చేస్తుంది? జాలీ తీసి టార్చి వేయండి, నీళ్ళు మెరవకపోతే రెండు చెంబులు పోయండి. మళ్ళీ ఊరెళ్తుంటే పైన రెండు చెంచాల వంటనూనె వేస్తే త్వరగా ఆరదు. కొబ్బరి నూనె వద్దు, ఇక్కడి చలికి గడ్డకడుతుంది. దీనికి కూడా నన్ను పిలిచి, వచ్చిన ఖర్చు అడిగితే "చెంబు నీళ్ళకు డబ్బులా అన్నా?" అంటారు.

నీళ్ళు పోస్తే పోతుంది, తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది

నన్ను ముంచింది ఇదే. కె.ఆర్.పురం దగ్గర రెండంతస్తుల ఇల్లు. కింద ఓనరు, పైన అద్దెకున్నవాళ్ళు. కింద బాత్రూంలో పొద్దున ఏడింటికి కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఓనరు అప్పటికే రెండుసార్లు బండిని పిలిపించాడు. నేను వెళ్ళి ట్రాపు పాతదైపోయిందని తీర్పు చెప్పి, టైల్స్ పగలగొట్టి కొత్తది వేసి, డబ్బులు తీసుకుని వచ్చేశాను. మూడో రోజు ఓనరు భార్య ఫోన్: "ఏమయ్యా, ఇది కొత్త ట్రాపా, కొత్త కంపా?"

మళ్ళీ వెళ్ళి ట్రాపు ముందు చతికిలబడ్డాను. పైన ఎవరో ఫ్లష్ నొక్కారు. నా కళ్ళముందే నీళ్ళు గుళగుళమని బుడగలొచ్చి, గుటక వేసినట్టు కిందికి జారిపోయాయి. రెండో ఫ్లష్‌కు అడుగు కనిపించింది. ఆరిపోవడం కాదు, పైపే పీల్చేసుకుంటోంది.

పైనుంచి నీళ్ళు దూకినప్పుడు ముందున్న గాలిని నెడతాయి, వెనక గాలిని లాగుతాయి. ఆ గాలి మిద్దె మీదికి లేచిన వెంట్ పైపులోంచి రావాలి. అది మూసుకుపోతే దగ్గర్లో ఉన్న ట్రాపులోంచి లాక్కుంటుంది, నీళ్ళతో సహా.

మిద్దె ఎక్కి చూస్తే వెంట్ పైపు మూతికి పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి తాడుతో బిగించి ఉంది. దోమలు రాకుండా అట! రోడ్డు దుమ్ము, వాన తడి పట్టి అది ఎండిన రొట్టెలా గట్టిపడింది. విప్పగానే కంపు గుప్పుమంది. అది మంచి గుర్తు. పైపు మూతి దగ్గర కంపు ఉండాల్సిందే, లేకపోతేనే అనుమానించాలి. అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించకండి, లోపల మంట అంటుకునే గ్యాసు ఉంటుంది.

గుడ్డ బదులు దోమ దూరని తీగ జాలీ ఒక్క పొర కట్టి, ఆరు నెలలకోసారి బ్రష్‌తో కడగండి. మిద్దె మీద కొత్తగా రేకుల షెడ్డు వేసిన ఇళ్ళలో పైపు రేకుల కిందే ఆగిపోతుంది. రేకు కోసి, పైపు మనిషి ఎత్తు దాటేలా పెంచాలి. ఆ తర్వాత పైన రెండు బకెట్లు గుమ్మరించమని, కింద టార్చి వేసి చూడండి. నీళ్ళు కదిలినా దిగకూడదు. ఆ ఇంట్లో టైల్స్ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఇంటి బయట కంపు, ఫ్లష్ నెమ్మదిగా దిగడం

ఇప్పుడు పిలవండి బండిని. ట్యాంకు నిండింది, లేదా వానలకు ఇంకుడు గుంత నీళ్ళు పీల్చడం మానేసింది. రెండు మూడేళ్ళకోసారి లాగించాల్సిందే. మనిషిని మాత్రం లోపలికి దించొద్దు, రక్షణ సామగ్రి లేకుండా దించడం 2013 మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం ప్రకారం నేరం. పైగా ఆ గాలికి మనిషి దిగిన నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు.

ఫినాయిల్, యాసిడ్ బాటిళ్ళకు బాటిళ్ళు పోయడం వల్ల ట్యాంకులో పనిచేసే క్రిములు చచ్చి కంపు పెరుగుతుంది. నేల కింద పైపు పగలడం, కమోడు అడుగు జాయింటు కారడం కూడా ఉంటాయిగానీ అరుదు, పైవన్నీ చూశాకే టైల్స్ జోలికి వెళ్ళండి.

కంపు సంపు నీళ్ళలోనే వస్తుంటే మాత్రం ఇదంతా పక్కన పెట్టండి. మోటారు ఆపి, తాగే నీళ్ళు బయటినుంచి తెచ్చుకుని, సంపు ఖాళీ చేయించి గోడలు చూపించండి. పక్కనున్న ట్యాంకు అందులోకి కారుతూ ఉండొచ్చు.