శిలాజాల పాఠానికి ఓ పాట, గుప్పెడు బంకమట్టి
శిలాజం ఎలా ఏర్పడుతుందో పిల్లలకు వరసగా గుర్తుండట్లేదా? బతుకమ్మ బాణీలో దశకో చరణం వాళ్లచేతే కట్టించండి: చచ్చి పడ్డది ఉయ్యాలో, బురద కప్పింది ఉయ్యాలో, ఎముకలో ఖనిజం దిగింది ఉయ్యాలో! ప్రాస కుదరకపోయినా పర్లేదు, వరస తప్పకూడదు.

పాడుతూనే బంకమట్టిలో నత్తగుల్లను గట్టిగా అద్ది తీయాలి. గుల్లకు ముందే కొబ్బరినూనె రాయండి, లేదంటే మట్టి అంటుకుని గీతలన్నీ పోతాయి (మా పిల్లలు మొదటిసారి అలాగే పాడుచేశారు). ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కాబట్టి మీరే కలపండి.

హైదరాబాద్‌లో ఉంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూపించండి. అది మన తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిందే. బొమ్మ వేసుకోవడానికి పెన్సిలూ, కాగితమూ మరచిపోకండి.